రాగండి ఎగిరిన ఉప్పునీటి గుంట

మా అమ్మ పొద్దున్నే మంచినీళ్ళ చెరువుకి వెళ్ళి, బిందె ముంచే ముందు పుడిసెడు నీళ్ళు తీసి నోట్లో పోసుకునేది. వెంటనే మింగేది కాదు. కళ్ళు మూసుకుని కాసేపు నోట్లోనే ఉంచుకునేది. నేను డ్యూటీకి వెళ్తూ సైకిల్ ఆపి, గట్టు మీద నిలబడి ఆవిడ గొంతు వైపే చూసేవాణ్ణి. మింగిందంటే ఆ రోజుకి ఫర్వాలేదు. అప్పుడు పెడల్ మీద కాలేసేవాణ్ణి.

అమ్మ పుట్టిల్లు దివిసీమ. ఉప్పెన వచ్చినప్పుడు నేను చిన్నవాణ్ణి. మేము మంగినపూడి దగ్గర మా ఊళ్ళోనే ఉన్నాం. కాస్త రాకపోకలు మొదలయ్యాక అమ్మ తన ఊరు వెళ్ళి చూసింది. ఇళ్ళు లేవు. చెరువులు మాత్రం నిండుగా ఉన్నాయి. నోట్లో పోసుకుంటే సముద్రం. "కళ్ళెదురుగా అన్ని నీళ్ళుండగా పిల్లలు దాహానికి ఏడుస్తుంటే చూశాన్రా" అనేది. ఆ సంగతి అంతకుమించి చెప్పేది కాదు. సముద్రం వెనక్కి పోయినా ఉప్పు నేలలోనే ఉండిపోయింది. అప్పట్నించీ ఆవిడ ఏ నీళ్ళనీ నోట్లో పెట్టి చూడకుండా నమ్మలేదు.

మా ఊరి చుట్టూ రొయ్యల చెరువులు వచ్చిన కొన్నేళ్ళకి, ఒక వేసవిలో, అమ్మ ఆ నీళ్ళు ఉమ్మేసింది.

"ఏమ్మా?" అన్నాను.

"ఏం లేదు. నువ్వెళ్ళు, టైమవుతోంది."

ఉమ్మేసి మళ్ళీ అదే నీళ్ళలో బిందె ముంచింది. వేరే నీళ్ళు ఎక్కడున్నాయి గనుక? పెడల్ మీద కాలు వెంటనే పడలేదు. ఎందుకంటే నేను డ్యూటీకి వెళ్తున్నది ఆ రొయ్యల చెరువుల కంపెనీకే.

నా చదువు పదో తరగతితో ఆగిపోయింది. ఆ తరవాత చదివిందంతా బందరు గ్రంథాలయంలోనే. ఇది చెప్పుకోవడానికి నేనెప్పుడూ సిగ్గుపడలేదు, కాస్త గర్వపడ్డాను కూడా. సెలవురోజు పొద్దున్న తలుపు తీసేసరికి నేను మెట్ల మీద ఉండేవాణ్ణి. తెలుగు పుస్తకాలు అయిపోయాక నిఘంటువు పక్కన పెట్టుకుని ఇంగ్లీషు పేపరు మొదలుపెట్టాను. అందులోనూ ఎవరూ ముట్టని వ్యాపారం పేజీ. దాని కోసం ఎవరూ కొట్టుకోరు కాబట్టి అది ఎప్పుడూ ఖాళీగా దొరికేది. అలా చదవబట్టే కంపెనీవాళ్ళు నన్ను నీళ్ళు పరీక్షచేసే గదిలోకి తీసుకున్నారు. మా చెరువుల సూపర్‌వైజరు నాకు 'గ్రంథాలయం' అని పేరు పెట్టాడు. చుట్టరికం లేకపోయినా ఇద్దరం 'బావా' అని పిలుచుకునేవాళ్ళం.

ఆ పేజీలో నాకు అర్థమైనది ఇది. రొయ్యలకి మంచి రోజులున్నప్పుడు పెట్టుబడి పెట్టేవాళ్ళు పంట ఎంత, రాబడి ఎంత అని మాత్రమే అడిగారు. వాడిన నీళ్ళు ఎటు పోతున్నాయని అడిగినవాడు లేడు. తరవాత తెల్లమచ్చల తెగులు వచ్చింది. ఒక చెరువులో చచ్చిన రొయ్యల నీళ్ళు మురుగు పోయే డ్రెయిన్‌లో కలిసేవి, పక్క చెరువువాడు ఆ డ్రెయిన్‌లోంచే నీళ్ళు తోడుకునేవాడు. కంపెనీలు వరసగా పడిపోయాయి. వాటితోపాటు మునిగినవాళ్ళకి అప్పుడు తెలిసింది, నీళ్ళ సంగతి అడగకపోతే రాబడి సంగతి అడిగి లాభం లేదని. విదేశాల్లో రొయ్యలు కొనేవాళ్ళు కూడా అదే అడగడం మొదలుపెట్టారు.

మా ఎండీ గారు ఈ గొడవ నమ్మలేదు. ఆయనది గుడివాడ. వరి చేలు తవ్వి చేపల చెరువులు చేసి, ఆ పైన ఉప్పునీటి రొయ్యల్లోకి దిగిన మనిషి. చెడ్డవాడని నేను అనను. కూలీల ఇళ్ళలో పెళ్ళిళ్ళకి పిలవకపోయినా వచ్చేవారు. కంపెనీ అప్పటికి బాగా దెబ్బతింది. మద్రాసు నుంచి ఒక పెట్టుబడి సంస్థ వస్తామంది. వాళ్ళ డబ్బు వస్తే మా ఊరి మంచినీళ్ళ చెరువు గట్టు దాకా కొత్త రొయ్యల చెరువులు తవ్వాలని ఆయన ఆలోచన. కొలతలు తీసి సున్నంతో గీతలు కూడా గీయించారు. డబ్బు రాకపోతే కంపెనీ మూతే. రొయ్య తలలు తీసే పనిలో మా ఊరి ఆడవాళ్ళు సగంమంది ఉన్నారు. అందుకే నాకు రెండు వైపులా భయమే. డబ్బొస్తే నీళ్ళు పోతాయి. రాకపోతే తిండి పోతుంది.

మద్రాసువాళ్ళకి పంపిన కాగితాల్లో మా కంపెనీ వాడిన నీళ్ళని ఒక గుంటలో నిలవబెట్టి, తేరాకే బయటికి వదులుతుందని రాసి ఉంది. అలాంటి గుంట లేదు. గేటు పక్కన గట్టు కోసం మన్ను తవ్విన గొయ్యి ఒకటుంది. ఎండీ గారు అందరినీ షెడ్డులోకి పిలిచి ఆ గొయ్యి బాగుచెయ్యమన్నారు.

"అండీ, అందులో ఎప్పుడూ నీళ్ళు వదల్లేదు కదండీ" అన్నాను.

"పెళ్ళిచూపులకి అమ్మాయిని నేతచీరలో కూర్చోబెడతామా, పట్టుచీర కడతామా? పెళ్ళయ్యాక రోజూ అదే కట్టుకుంటుందా? ఇదీ అంతే అబ్బాయ్. చుట్టాలొస్తున్నారు, ఇంటికి సున్నం వెయ్యొద్దా?"

అందరూ నవ్వారు. ఆయన నిజంగానే అలా అనుకున్నారు. మోసం చేస్తున్నానని ఆయన మనసులో లేదు, మర్యాద చేస్తున్నాననే ఉంది.

ఇంజను పెట్టి పంటకాలవ నీళ్ళు తోడి గొయ్యి నింపారు. గట్టు మీద గడ్డి పరిచారు. అప్పుడు మా బావకి ఒక ఆలోచన వచ్చింది. నీళ్ళు ఊరికే ఉంటే ఏం బాగుంటుంది, చేపలు ఎగురుతుంటే కదా అందం అన్నాడు. ఎండీ గారి మొహం వెలిగిపోయింది. ఆయన చేపల చెరువుల మనిషి. మర్నాడే గుడివాడ వైపు నుంచి నీళ్ళ పీపాల్లో రాగండి, బొచ్చె చేపలు దిగాయి.

పీపాలు ఒంపుతుండగానే మా బావని పక్కకి లాగాను.

"బావా, రొయ్యల చెరువుల్లో ఉండేది ఉప్పునీళ్ళు. ఈ గుంటలోకి వచ్చేవి ఆ నీళ్ళేనని వాళ్ళకి చెప్తాం. రాగండి ఉప్పునీళ్ళలో బతుకుతుందా?"

"ఓరి నీ చదువు తగలెయ్యా! బతక్కేం? ఇవి కాలవ నీళ్ళే కదా!"

"మనకి తెలుసు కాలవ నీళ్ళని. వాళ్ళకి ఏమని చెప్తాం?"

అతను నా మొహంలోకి చూశాడు. గుంట కేసి చూశాడు. ఒక బొచ్చె ఎగిరి పడింది. "మద్రాసువాళ్ళకి రాగండికీ రొయ్యకీ తేడా ఏం తెలుస్తుందిలే బావా" అన్నాడు గాని, నవ్వలేదు. ఎండీ గారికి చెబుదామన్నాను. "నువ్వు చెప్పు. ఆయన మోపిదేవి వెళ్ళి పూజ చేయించుకొచ్చాడు ఈ చూపుల కోసం. ప్రసాదం పంచుతున్నాడు. వెళ్ళి చెప్పు" అన్నాడు. వెళ్ళాను. ఆయన నా చేతిలో ప్రసాదం పెట్టి, "రేపు ఇంగ్లీషులో మాట్లాడాల్సింది నువ్వే. మా మేనేజరుకి నోరు తిరగదు. బాగా చదువుకో" అన్నారు. నేను చేపల మాట ఎత్తితే ఆయన చెయ్యి ఊపి, "అవి నేనే తెప్పించాను, చూశావా ఎంత నిగనిగలాడుతున్నాయో!" అన్నారు. ప్రసాదం నోట్లో వేసుకుంటే నాలుకకి రుచి తెలియలేదు.

వచ్చింది ఒకావిడ. నడివయసు, నూలు చీర, కాళ్ళకి బూట్లు. వెంట ఫైళ్ళు పట్టుకున్న గుమాస్తా. ఎండీ గారు కొబ్బరిబోండాలు కొట్టించి ఇచ్చారు. మా ఊరి నీళ్ళు ఎవరూ ఇవ్వలేదు. ఆయన కూడా తాగేందుకు గుడివాడ నుంచి క్యానుతో తెచ్చుకునేవారు.

ఆవిడ చెరువులు చూసింది, షెడ్డు చూసింది, ఆడవాళ్ళ చేతులకి తొడుగులు ఉన్నాయా అని చూసింది. నేను తెలుగుని ఇంగ్లీషు చేస్తూ, ఇంగ్లీషుని తెలుగు చేస్తూ వెనకాలే నడిచాను. చివరికి గేటు పక్కకి వచ్చాం. ఎండీ గారు సిద్ధంగా పెట్టించిన బుట్టలోంచి గుప్పెడు తవుడు తీసి గుంటలో చల్లారు. నీళ్ళు ఒక్కసారి మరిగినట్టయ్యాయి. రాగండి వీపులు మెరిశాయి. ఆవిడ మొహంలో నవ్వొచ్చింది. ఆ నవ్వు చూసి ఎండీ గారు ఇంకో గుప్పెడు చల్లారు.

"చెప్పు అబ్బాయ్. మా రొయ్యల చెరువుల్లోంచి వచ్చిన నీళ్ళే ఇవి, తేరాక చేపలే బతికేంత బాగుంటాయని చెప్పు."

ఎండీ గారు అన్నారని చెప్పి ఆ మాట ఇంగ్లీషులో చెప్పాను.

ఆవిడ చేతిసంచిలోంచి ఒక చిన్న గొట్టం తీసింది. నీళ్ళలో ఉప్పు చూసే గొట్టం, మా గదిలోనూ ఒకటుంది. గట్టు మీద వంగి వేలితో నీటిచుక్క దాని అద్దం మీద వేసి, వెలుతురు కేసి పెట్టి చూసింది. తుడిచి మళ్ళీ చూసింది. నవ్వు పోయింది. కోపం కూడా రాలేదు. కోపం వస్తే బాగుండేది.

"ఇవి తియ్యటి నీళ్ళు. ఈ చేపలు కూడా తియ్యటి నీళ్ళవే. మీ చెరువుల నీళ్ళు ఉప్పునీళ్ళు కదా. అవి ఎక్కడికి పోతున్నాయి?" అని ఇంగ్లీషులో నన్నే అడిగింది.

"ఏవంటుంది?" అన్నారు ఎండీ గారు.

చెప్పాను. ఆయన చేతిలో తవుడు అలాగే ఉండిపోయింది.

"ఏదో ఒకటి చెప్పరా" అన్నారు ఆయన నెమ్మదిగా. మొదటిసారి నన్ను 'రా' అన్నారు.

నోరు తెరిచాను. ఆ క్షణాన నేను ధైర్యం చేశానని తరవాత మా ఊళ్ళో కొందరు చెప్పుకున్నారు. అదేం కాదు. నాది పుస్తకాల్లో నేర్చిన ఇంగ్లీషు. ముందు వాక్యం మనసులో రాసుకుని, చూసి చదివినట్టు చెప్పాలి. అబద్ధం అల్లేంత వేగం నాకు ఆ భాషలో రాలేదు. భయంతో మెదడు గడ్డకట్టి, అందులో అప్పటికే రాసి ఉన్న ఒకే ఒక్క వాక్యం బయటికి వచ్చేసింది. అవి డ్రెయిన్‌లోకి పోతాయి, పోటు వచ్చినప్పుడు డ్రెయిన్ మా ఊరి మంచినీళ్ళ చెరువులోకి ఎగదన్నుతుంది, అని. ఆ వేసవి అంతా నేను దాన్ని లోపల రాసుకుంటూనే ఉన్నట్టున్నాను.

ఎండీ గారికి ఇంగ్లీషు రాదు. కాని డ్రెయిన్ అన్న మాట డెల్టాలో రానివాళ్ళెవరు? ఆయన మెల్లగా నా వైపు తిరిగారు. ఆ చూపుని నేను ఎదుర్కోలేక గుంటలోకి చూశాను. చేపలు ఇంకా తవుడు కోసం నోళ్ళు తెరుస్తున్నాయి.

ఆవిడ డ్రెయిన్ చూపించమంది. గట్టు వెంట నడిచాం. సున్నం గీతలు దాటి మంచినీళ్ళ చెరువు దగ్గరికి వచ్చేసరికి ఆడవాళ్ళు బిందెలతో ఉన్నారు. వాళ్ళలో మా అమ్మ ఉంది. నా వెనక ఎండీ గారిని చూసి కొంగు సర్దుకుంది. నా మొహం చూసి మాత్రం బిందె కింద పెట్టేసింది. మద్రాసు ఆవిడ అక్కడి నీళ్ళు కూడా గొట్టంలో చూసింది. ఏం కనిపించిందో చెప్పలేదు. గుమాస్తా రాసుకున్నాడు. సున్నం గీతలు దేనికని అడిగింది. చెప్పాను. అప్పటికి ఎండీ గారు నా వైపు చూడడం కూడా మానేశారు. వాళ్ళ కారు బందరు రోడ్డెక్కింది.

"ఎవర్రా ఆవిడ?" అంది అమ్మ.

"డబ్బు పెట్టేవాళ్ళు."

"నీళ్ళు చూసిందేం?"

బిందె ఎత్తి అమ్మ చంకకి అందించాను.

తరవాతి రోజుల్లో నాతో మాట్లాడినవాళ్ళు తక్కువ. ఆడవాళ్ళు షెడ్డులో నన్ను చూసి పని ఉంటుందా, పోతుందా అని అడగలేక అడిగేవాళ్ళు. ఒకావిడ నన్ను చూపిస్తూ, "మా తమ్ముడు మాట్లాడాడమ్మా ఇంగ్లీషు, ఇంక మనం ఇంట్లో కూర్చుని వినొచ్చు" అంది. నవ్వాలని చూశాను, నవ్వు రాలేదు. గ్రంథాలయానికి వెళ్ళినా అక్షరాలు ఆనలేదు. వ్యాపారం పేజీలో మూతబడిన కంపెనీల పేర్ల మధ్య మా కంపెనీ పేరు ఎప్పుడు కనపడుతుందోనని, పేపరు మడత విప్పకుండానే తిరిగి పెట్టేసేవాణ్ణి.

ఒకరోజు ఎండీ గారు గుడివాడ రమ్మని కబురు పెట్టారు. బస్సులో దారి పొడుగునా, ఉద్యోగం తీసేస్తున్నానని చెప్పడానికి ఇంత దూరం పిలవడం ఎందుకు అని ఆలోచిస్తూ కూర్చున్నాను. ఆఫీసు గదిలో ఆయన ఒక్కరే ఉన్నారు. ఫోన్ బల్ల మధ్యలో ఉంది.

"కూర్చో. ఇప్పుడు ఫోనొస్తుంది. మద్రాసు నుంచి. నీతోనే మాట్లాడతానంది."

"నాతోనా అండీ?"

"నాతో మాట్లాడితే ఏం ప్రయోజనం, నేను తవుడు చల్లేవాణ్ణి!" అన్నారు. కోపమో ఎకసెక్కమో తెలియలేదు.

ఫోన్ మోగింది. రిసీవరు చెవికి ఆనించుకున్నాను. ఆవిడ నిదానంగా, నాకు అర్థమయ్యేలా చెప్పింది. ఇప్పుడు డబ్బు పెట్టరు. కంపెనీని వదిలెయ్యరు కూడా. ఒక పంట కాలం చూస్తారు. నిజమైన గుంట కావాలి, కొత్తది తవ్వకపోతే ఉన్న చెరువుల్లో ఒకటి అందుకు ఇవ్వాలి. వాడిన నీళ్ళు అందులో తేరాక మళ్ళీ చెరువుల్లోకే తోడుకోవాలి, డ్రెయిన్‌లోకి చుక్క పోకూడదు. మంచినీళ్ళ చెరువు వైపు కొత్త చెరువులు వద్దు, అక్కడ ఉన్నవి కూడా ఎండగట్టాలి. ఇది దయ అనుకోవద్దు, ఊరిని చెడగొట్టిన కంపెనీని ఊరు ఎన్నాళ్ళో బతకనివ్వదు, అలాంటి చోట పెట్టిన డబ్బు నిలవదు, అంది. చివర్లో, చేపలు మాత్రం వెయ్యొద్దని చెప్పింది.

ఒక్కొక్క మాటా చెప్పాను. ఎండీ గారు లేచి కిటికీ దగ్గరికి వెళ్ళారు.

"పంట వచ్చే చెరువుని మురికినీళ్ళకి అప్పగించాలా? అది చాలక, ఉన్న చెరువులు కూడా ఎండబెట్టాలా? అప్పుడు డబ్బిస్తుందా?"

"అప్పుడు మళ్ళీ వచ్చి చూస్తామన్నారండీ."

"చేపలు వద్దందా?"

"వద్దన్నారండీ."

కిటికీ దగ్గరే ఆయన భుజాలు కదిలాయి. ఏడుస్తున్నారేమోనని హడలిపోయాను. నవ్వుతున్నారు. "తవుడు చల్లాను కదరా, ఆవిడ ముందు! సిగ్గు లేకుండా రెండోసారి కూడా చల్లాను!" అని, నవ్వు ఆపుకుని, "వెళ్ళు. రేపు డ్యూటీకి రా" అన్నారు. బస్సెక్కాక గాని నాకు ఏడుపు రాలేదు.

ఆ పంట కాలం మొత్తం భయంతోనే గడిచింది. చెరువులు తగ్గాయి, జీతాలు ఆలస్యమయ్యాయి. పెద్ద చెరువు ఒకటి తేర్చే గుంట అయింది. డ్రెయిన్ వైపు తూము మూసి మన్ను కొట్టారు. చుట్టుపక్కల చెరువుల్లో మళ్ళీ తెగులు వచ్చింది. మాకూ కొంత వచ్చింది. అయితే డ్రెయిన్‌లోంచి నీళ్ళు తోడడం మానేశాం కాబట్టి అన్ని చెరువులకీ పాకలేదు. ఆ గుంటే మమ్మల్ని కాపాడిందని ఒట్టేసి చెప్పలేను. అయితే మద్రాసు ఆవిడ మళ్ళీ వచ్చింది, ఈసారి గుంటలో నీళ్ళు గొట్టంలో చూసి ఏమీ అడగకుండా గుమాస్తాకి తల ఊపింది. డబ్బు వచ్చింది. వాళ్ళు పెట్టారని తెలిసి ఇంకొకరు వచ్చి చూశారు. విదేశీ కొనుగోలుదార్లు కూడా ముందు గుంట చూసి, తరవాతే రొయ్య చూసేవాళ్ళు. బందరు రోడ్డులో కంపెనీకి రొయ్యలు నిలవచేసే మంచుగది కట్టారు. మా ఊరి ఆడవాళ్ళు మిగతా సగంమంది కూడా పనికి వచ్చారు.

సుస్థిరత అన్న మాట నేను పత్రికల్లో చాలా ఏళ్ళ తరవాత చూశాను. చూడగానే తవుడు వాసన వచ్చింది.

ఇవన్నీ కుదురుకున్నా అమ్మ మాత్రం ఉమ్మేస్తూనే ఉంది. ఉప్పు ఒక్క వానకి పోయేది కాదు. కాలవ నీళ్ళు వదిలినప్పుడల్లా చెరువు నింపారు, తోడారు, మళ్ళీ నింపారు. ఒకరోజు ఎండిన రొయ్యల చెరువులు చూడ్డానికి ఎండీ గారు అటు వచ్చారు. ఎండ మండిపోతోంది. అమ్మ గట్టు మీద ఉంది. ఆ రోజు తను ఇంకా నీళ్ళు నోట్లో పోసుకోలేదు. ఆయన్ని చూసి, కొత్తగా తోమిన చెంబు ముంచి, రెండు చేతులా పట్టుకుని ఎదురొచ్చింది.

"దాహం తీసుకోండి బాబూ."

ఆయన క్యాను జీపులో ఉంది, జీపు గేటు దగ్గర ఉంది. ఇంటి ఆడమనిషి చేతిలో చెంబు కాదనడం ఆయనకి పుట్టుకతో రాదు. చెంబు అందుకున్నారు. కాసేపు అందులోకే చూశారు. ఆయన కూడా భయపడడం నేను మొదటిసారి చూశాను. ఎత్తి గటగటా తాగేశారు. అమ్మ ఆయన గొంతు కేసే చూస్తోంది, నేను ఇన్నేళ్ళూ తన గొంతు కేసి చూసినట్టు.

"బాగున్నాయమ్మా నీళ్ళు" అన్నారు మూతి తుడుచుకుంటూ.

అది నిజమో, మర్యాదకి అన్నారో నాకు తెలియలేదు. మర్యాద కోసం ఆయన ఉప్పునీటిదని చెప్పిన గుంటలో రాగండిని ఎగరేసిన మనిషి. అమ్మ నా వైపు తిరిగింది. తనకీ నమ్మకం లేదని ఆ చూపులోనే తెలిసింది.

నేనెప్పుడూ ఆ నీళ్ళు ముందుగా నోట్లో పెట్టలేదు. ఆ పని అమ్మకే వదిలేసేవాణ్ణి. చెప్పులు విప్పి రేవులోకి దిగి, దోసిలి ముంచి నోట్లో పోసుకున్నాను. కళ్ళు మూసుకున్నాను. నాలుక మీద నీళ్ళు అటూ ఇటూ తిప్పుతూ ఉప్పు కోసం వెతికాను. పైన గట్టు మీద ఇద్దరూ కదలకుండా నిలబడ్డారని కళ్ళు మూసుకున్నా తెలుస్తోంది.

మింగాను.